అంతరిక్షంలో పేలుడు వినిపిస్తుందా?

సినిమాల్లో అంతరిక్ష నౌక పేలితే చెవులు దద్దరిల్లుతాయి. నిజానికి చప్పుడే వినిపించదు. ఎందుకు? శబ్దం ప్రయాణించాలంటే గాలో, నీరో, ఇనుమో ఏదో ఒకటి ఉండాలి. అంతరిక్షం దాదాపు ఖాళీ. మరి కథలు చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియదా?

1965లో అమెరికా టీవీలో మొదలైన ‘లాస్ట్ ఇన్ స్పేస్’నే చూడండి. అమ్మ, నాన్న, ముగ్గురు పిల్లలున్న రాబిన్సన్ కుటుంబం ఆల్ఫా సెంటారీ నక్షత్రం వైపు బయల్దేరి దారి తప్పుతుంది. ఇంజిన్ ఆగిన నౌకలో మనుషులు తేలాలి. వీళ్లేమో ఎక్కువగా ఇంట్లోలాగే నడుస్తారు. నటుల్ని వారం వారం తీగలకు వేలాడదీయడం ఎంత కష్టమో ఆలోచించండి!

దారి తప్పి దిగిన కొత్త గ్రహం మీద వీళ్లు హెల్మెట్ లేకుండా తిరగడానికి కారణం ఇంకా పాతది. ఓడ పగిలి దీవిలో చిక్కుకున్న కుటుంబం కథ ‘స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్’ 1812లోనే వచ్చింది. ఆ దీవే ఇక్కడ గ్రహమైంది. దీవిలో గాలి ఉంటుంది కదా, గ్రహానికీ వచ్చేసింది! పైగా ముఖం కనిపిస్తేనే పిల్లవాడి భయం, అమ్మ బెంగ మనకు తెలుస్తాయి.

దూరం విషయంలో మాత్రం రచయితలు బాగా ఆలోచించారు. ఆల్ఫా సెంటారీ 4 కాంతి సంవత్సరాలకు పైగా దూరం. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వోయేజర్ 1 వ్యోమనౌక వేగంతో వెళ్లినా 70 వేల ఏళ్లు దాటుతుంది. అందుకే కుటుంబాన్ని గాజు గొట్టాల్లో గడ్డకట్టించి నిద్రపుచ్చారు. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇది.

ఈసారి అంతరిక్ష కథ చూస్తున్నప్పుడు తప్పు ఎక్కడుందో, ఎందుకు చేశారో నోటుబుక్కులో రాసుకోండి.