కిటికీ సీటు చిన్నోడిదే!

మిరపయార్డుకీ, బడికీ సెలవులు కలిసొచ్చే నెల మే. గుంటూరు, ప్రకాశం మెట్ట ఊళ్ల నుంచి పిల్లాపాపలతో రైలెక్కే కాలమూ అదే. ఆ ప్రయాణం పండగలా సాగాలంటే పెట్టెలు సర్దడం కన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతులు కొన్నున్నాయి.

గుంటూరు స్టేషన్లో ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. నాన్న చేతుల్లో రెండు పెట్టెలు. అమ్మ చంకలో ఏడాది బిడ్డ, కొంగు పట్టుకుని అయిదేళ్ల అమ్మాయి. నాయనమ్మ ఒళ్లో పులిహోర డబ్బా. రైలు ఇంకా రానేలేదు. 'నాన్నా, వచ్చేసిందా?' అని అమ్మాయి పదోసారి అడుగుతోంది. ఎక్కిన గంటకే ఆ ప్రశ్న మారిపోతుంది. 'నాన్నా, ఇంకెంతసేపు?'

పెద్దలకు ప్రయాణమంటే ఊరు చేరడం. తిరుపతి, బెంగళూరు, ఊటీ... ఏదో ఒకటి. పిల్లలకు మాత్రం రైలే ఊరు. పై బెర్తు మేడ, కిటికీ టీవీ, సమోసాల అబ్బాయి జాతర. ఆ సరదా 'ఇంకెంతసేపు' దగ్గర ఆగిపోకుండా చూడటమే పెద్దల పని. అందులో సగం ఇంట్లోనే జరగాలి.

మార్చిలోనే మే నెల

రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు ఒకప్పుడు 120 రోజులు. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులకు తగ్గింది. అంటే మే మధ్యలో వెళ్లాలనుకుంటే మార్చి మధ్యలో టిక్కెట్టు తీయాలి. చిక్కంతా అక్కడే. మార్చి అంటే యార్డులో మిరప టిక్కీలు లారీల కొద్దీ దిగే నెల. పల్లెల్లో కల్లాల నిండా కాయ ఆరుతుంటుంది. రైతుకీ, కమీషన్ వ్యాపారికీ, హమాలీకీ తల తిప్పుకునే తీరికుండదు. తీరా యార్డుకు సెలవులిచ్చాక రైలు గుర్తొస్తే మిగిలేది వెయిటింగ్ లిస్టే. పెద్దలైతే ఎలాగో సర్దుకుంటారు. చంటిబిడ్డతో ఆ సాహసం వద్దు. కోతల హడావుడిలోనే ఓ పూట టిక్కెట్టుకు కేటాయిస్తే మేలు.

టిక్కెట్టు దగ్గర మరో లెక్క. అయిదేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్తు వద్దనుకుంటే టిక్కెట్టే అక్కర్లేదు. కావాలంటే పూర్తి ఛార్జీ. అయిదేళ్లు నిండి పన్నెండేళ్ల లోపువారికి బెర్తు లేకుండా అయితే సగం ఛార్జీ, బెర్తుతో అయితే పెద్దలతో సమానం. 2016 ఏప్రిల్ 21కి ముందు సగం ఛార్జీకే బెర్తు వచ్చేది. అప్పటి అలవాటుతో సగం టిక్కెట్టు తీసి, రాత్రి బండెక్కాక నాలుక్కరుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పగటి ప్రయాణమైతే సగం ఛార్జీ ఆదా చేసుకోవచ్చు. రాత్రి ప్రయాణానికి మాత్రం అయిదేళ్లు దాటిన పిల్లలకు బెర్తు తీసుకోవడమే మంచిది. లేదంటే ఆ రాత్రి పిల్లకీ నిద్రుండదు, అమ్మకీ ఉండదు.

కింది బెర్తు కోసం ఇంకో ఉపాయం ఉంది. అరవై ఏళ్లు నిండిన పురుషులకు, నలభై అయిదేళ్లు నిండిన మహిళలకు, గర్భిణులకు కింది బెర్తుల కోటా ఉంటుంది. అయితే ఆ టిక్కెట్టు మీద అలాంటివారు ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి. తాతయ్య, నాయనమ్మల టిక్కెట్టు విడిగా తీస్తే కింది బెర్తులు దొరికే అవకాశం ఎక్కువ. కాకపోతే అందరికీ ఒకే బోగీ రాకపోవచ్చు. రెండూ తూచి చూసుకోవాలి.

చీర ఉయ్యాల

మన రైళ్లలో చంటిపిల్లల కోసం కనిపెట్టిన గొప్ప సౌకర్యం అమ్మ పాత చీర. రెండు పై బెర్తుల కడ్డీలకు కట్టిన చీర ఉయ్యాలలో, రైలు ఊపుకు బిడ్డ ఇట్టే నిద్రపోతుంది. బాగానే ఉంటుంది గానీ, రైలు ఒక్కసారిగా బ్రేకు వేస్తే ఉయ్యాల వెళ్లి ఇనుప కడ్డీకి కొట్టుకునే ప్రమాదముంది. అందుకే ఉయ్యాల బాగా కిందికి, సీటు మట్టంలో ఉండాలి. పెద్దవాళ్లెవరో ఒకరు మేలుకుని చెయ్యి వేసి ఉంచాలి. రాత్రికి మాత్రం కింది బెర్తులో గోడ వైపు పడుకోబెట్టడమే క్షేమం.

రైల్వే కూడా ఓసారి ఈ సంగతి ఆలోచించింది. 2022 మే నెలలో, మాతృదినోత్సవం సందర్భంగా లక్నో మెయిల్‌లో కింది బెర్తు పక్కనే మడత పెట్టే బుల్లి బెర్తులు రెండింటిని ప్రయోగాత్మకంగా అమర్చారు. దాన్ని చూసి మురిసిపోని తల్లి లేదు. మన దారుల్లో తల్లులకు మాత్రం ఇంకా బెర్తు అంచే దిక్కు. బిడ్డకు చోటిచ్చి తాను ఒక పక్కకు ఒత్తిగిలి రాత్రంతా గడిపే ఆ తల్లికి, నడిరాత్రి ఓ గంట బిడ్డను ఎత్తుకుని నాన్న ఇచ్చే విశ్రాంతే పెద్ద సౌకర్యం.

ఎండతో పందెం

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నపు స్లీపర్ బోగీ పొయ్యిలా ఉంటుంది. ఏసీకి డబ్బు కుదరకపోతే సాయంత్రం ఎక్కి తెల్లారి దిగే బండి చూసుకోవడం ఉత్తమం. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. ఎండకు దాహం ఎక్కువ కాబట్టి పాలు మరిన్నిసార్లు పట్టాలి. ఆ తల్లి బాగా నీళ్లు తాగాలి. పెద్ద పిల్లలు అడిగేదాకా ఆగకుండా మధ్యమధ్య గుక్కెడు తాగిస్తుండాలి. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా ఒంట్లో నీరు తగ్గుతున్నట్టే. ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో పైనే ఉండాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి.

పొద్దున కాచిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోతాయి. పోత పాలు తాగే బిడ్డకైతే ఫ్లాస్కులో మరిగించిన నీళ్లు, విడిగా పాలపొడి నయం. మిగతావారికి ఇడ్లీ, చపాతీ, అరటిపండ్లు, మరమరాలు చాలు. వేరుశనగ గుళ్లు నాలుగైదేళ్ల లోపు పిల్లలకు పెట్టొద్దు... రైలు కుదుపులో గొంతుకు అడ్డం పడొచ్చు. ఇంకొక్క మాట. గుంటూరు వాళ్ల అన్నం డబ్బాలో కారప్పొడి లేకుండా ఉండదు కదా! ఆ చేత్తో బిడ్డ కళ్లు తుడిస్తే బోగీ మొత్తం మేలుకుంటుంది. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి.

కిటికీలో పాఠాలు

'ఇంకెంతసేపు'కు అసలైన జవాబు కిటికీలో దొరుకుతుంది. ఈ ప్రాంతం నుంచి ప్రధానంగా రెండు దారులు. తెనాలి మీదుగా చెన్నై వైపు వెళ్లే కోస్తా దారి ఒకటి. బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు దాటి సాగుతుంది. వరి మాగాణులు, మగ్గాల ఊళ్లు, జీడిపప్పుకు పేరున్న వేటపాలెం ఈ దారిలోవే. నెల్లూరు దగ్గర పెన్నా వంతెన వచ్చినప్పుడు 'కిందికి చూడు' అని చెబితే చాలు.

రెండోది నరసరావుపేట మీదుగా నంద్యాల, గుంతకల్లు వైపు పోయే దారి. 1990ల దాకా ఇది మీటరు గేజి. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ శిఖరాలు లెక్కపెట్టించండి. చీకటీగలపాలెం అనే స్టేషన్ పేరు వినగానే పిల్లలు నవ్వకుండా ఉండలేరు. మార్కాపురం రోడ్డు వచ్చినప్పుడు, నాన్న 'అఆ'లు దిద్దిన పలక ఇక్కడి రాయేనని చెప్పొచ్చు. కంభం దగ్గర విజయనగర రాజుల కాలం నాటి చెరువు కథ. గిద్దలూరు దాటి దిగువమెట్ట రాగానే నల్లమల అడవి. సొరంగంలోకి రైలు దూరినప్పుడు పిల్లలు కేరింతలు కొట్టాల్సిందే. అడవి చూడాలంటే పగలు దాటే బండి ఎంచుకోవాలి.

ఇంకా దూరం వెళ్లాలనుకుంటే శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు మీదుగానే తిరువనంతపురం పోతుంది. కోయంబత్తూరులో దిగి మేట్టుపాళయం వెళ్తే ఊటీ బొమ్మ రైలు. పళ్ల చక్రం సాయంతో కొండెక్కే ఈ రైలు 1908లో ఊటీ చేరింది. 2005లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందింది. 46 కిలోమీటర్లకు గంటల కొద్దీ సమయం తీసుకుంటుంది కాబట్టి, ముందు రోజు ప్రయాణం అలసట తీరాకే ఎక్కించండి.

అదే దారి... వేరే పిల్లలు

ఇదే గుంతకల్లు దారి మీదుగా ఇంకొందరు పిల్లలూ వస్తారు. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి ఏటా చలికాలంలో వేలాది కూలీ కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు, ప్రకాశం పల్లెలకు వలస వస్తాయి. లారీల్లోనో, ఆటోల్లోనో, జనరల్ బోగీల్లోనో... మూటల మధ్య పిల్లలు. వాళ్లకిది సెలవుల ప్రయాణం కాదు, బడి మానేసిన ప్రయాణం. ఇలాంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడిపింది. అయినా చంటివాళ్లు తల్లిని వదిలి ఉండలేరు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదన్న కారణంతో ప్రభుత్వ బడి ఏ పిల్లనీ వెనక్కి పంపకూడదు. కోతకు కూలీలను పిలిచిన రైతు, వాళ్ల పిల్లల్ని ఊళ్లోని బడికి తీసుకెళ్లి పంతులుగారికి ఓ మాట చెబితే ఆ మూడు నెలలు వృథా కావు. మన పిల్లల ప్రయాణానికి డబ్బులిచ్చే మిరపకాయను కోసింది ఆ పిల్లల అమ్మే కదా!

బుల్లి ప్రయాణంతో మొదలు

ఎప్పుడూ రైలెక్కని బిడ్డతో ఒకేసారి కేరళ వద్దు. ముందు బాపట్ల దాకా వెళ్లి సూర్యలంకలో ఓ పూట ఆడించి తీసుకురండి. లేదంటే రేపల్లె దాకా పాసింజరు చాలు. బిడ్డకు రైలు మోత అలవాటవుతుంది. సంచిలో ఏది మర్చిపోయారో అమ్మకూ తెలిసొస్తుంది. ఆ తర్వాత 'ఇంకెంతసేపు' అన్న ప్రశ్న రాదు. ఊరొచ్చి దిగమంటే, 'అప్పుడేనా?' అని వాళ్లే మొహం ముడుచుకుంటారు.

ఎక్కే ముందు ఓసారి...

* బయల్దేరే రోజు బట్టలతోనే పిల్లలకు ఫోనులో ఫొటో తీయండి. తప్పిపోతే గుర్తు చెప్పడం తేలిక.

* ఫోను నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో పెట్టండి.

* సాయానికి రైల్వే నంబరు 139. పిల్లలకు ఏ ఆపదొచ్చినా 1098.

* స్లీపర్ కిటికీ తలుపు సరిగా కొక్కేనికి పట్టిందో లేదో చూశాకే పిల్లల్ని చేతులు పెట్టనివ్వండి.

* పై బెర్తు మీద ఆటలు పగలు మాత్రమే, అదీ పెద్దల ఎదుటే.

* ఒక జత బట్టలు, తువ్వాలు, జ్వరం మందు చేతి సంచిలో ఉండాలి. మందు ఎంత వేయాలో డాక్టరు దగ్గర ముందే రాయించుకోండి.

* బోగీ తలుపు దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదు. ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.