సేవ్ బటన్ లేని నోట్

గూగుల్ కీప్‌లో గానీ, ఐఫోన్ నోట్స్‌లో గానీ ఎంత వెతికినా 'సేవ్' బటన్ కనిపించదు. పాల లెక్క రాసుకుంటుండగా మధ్యలో ఫోన్ మోగినా, బ్యాటరీ అయిపోయినా, మళ్లీ తెరిచేసరికి రాసిందంతా దాదాపు రాసినట్టే ఉంటుంది. వేలు కాస్త ఆగిన ప్రతిసారీ యాప్ అప్పటిదాకా టైపు చేసినదాన్ని దాచేస్తుంది. చాలా యాప్‌లలో ఈ పని చేసేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్. రిచర్డ్ హిప్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2000లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ ముందే ఉంటుంది. ఒక మార్పు పూర్తిగానైనా నమోదు కావాలి, అసలు కాకుండానైనా ఉండాలి అన్నది దాని నియమం. సగంలో ఫోన్ ఆగిపోతే అంతకుముందున్న నోట్ చెక్కుచెదరకుండా మిగులుతుంది.

యాప్ దృష్టిలో నోట్ అంటే కాగితం కాదు, ఒక రికార్డు. దానికి మనకు కనిపించని గుర్తింపు సంఖ్య ఉంటుంది. పుట్టిన సమయం, చివరిసారి మారిన సమయం, రంగు, లేబుళ్లు, పిన్ చేశారా లేదా, చెత్తబుట్టలో ఉందా లేదా... ఇవన్నీ ఆ రికార్డులో గళ్లు. మనం రాసిన మాటలు వాటిలో ఒక గడి మాత్రమే.

ఆ ఒక్క గడిలోనే తెలుగువాళ్ల కష్టాలు చాలా ఉన్నాయి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ' ఫోన్ లెక్కలో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక ఆ ఒక్క అక్షరమే 18 బైట్లు. చాలా కీబోర్డులలో బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి సంకేతం ఒక్కటే పోతుంది. గుడిదీర్ఘం తప్పు పడితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, అదొక సౌకర్యం. కర్సర్‌ను మాత్రం సంయుక్తాక్షరం నడిమధ్యకు తీసుకెళ్లడం చాలాచోట్ల కుదరదు. అందుకే కింది ఒత్తు తప్పు పడితే అక్షరం మొత్తాన్ని చెరిపి మళ్లీ కొట్టుకోవడమే తేలిక. ఎక్కడ ఒక అక్షరం ముగిసి ఇంకొకటి మొదలవుతుందో చెప్పే యూనికోడ్ నియమాలు తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒక్కటిగా లెక్కించడం మొదలుపెట్టింది 2023లో, 15.1 వెర్షన్‌తో.

ఇలాంటి సంకేతాల వరుసలను సాఫ్ట్‌వేర్ సరిగా సంభాళించకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా'ను రాసే ఒకానొక సంకేతాల వరుస, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్ దాన్ని తెరమీద గీయలేక యాప్‌లు కుప్పకూలిపోయేవి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. కోట్లమంది రాసుకునే లిపిని పరీక్షించకుండా సాఫ్ట్‌వేర్ బయటికి పంపకూడదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అసలు చిక్కంతా ఒకే నోట్‌ను రెండు ఫోన్లలో దిద్దినప్పుడు మొదలవుతుంది. భార్యాభర్తలిద్దరూ ఒక సరుకుల జాబితాను పంచుకున్నారనుకుందాం. ఆయన సూపర్‌మార్కెట్ సెల్లార్‌లో ఉన్నాడు, సిగ్నల్ లేదు. అయినా యాప్ పనిచేస్తుంది, ఎందుకంటే నోట్ నకలు ఫోన్‌లోనే ఉంది. కొన్న కందిపప్పును ఆయన జాబితాలోంచి తీసేశాడు. అదే సమయంలో ఇంట్లో ఆవిడ చింతపండు పక్కన 'అర కిలో' అని చేర్చింది. సిగ్నల్ వచ్చాక రెండు నకళ్లూ ఎదురుపడతాయి. ఏది అసలు?

సులువైన పద్ధతి, ఆఖరున మార్చినవాళ్లదే చెల్లుబాటు. అలా చేస్తే ఒకరు రాసింది చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. పైగా ఏ ఫోన్ గడియారమైనా తప్పు సమయం చూపిస్తుంటే పాత మార్పే కొత్తదిగా చలామణీ అయ్యే ప్రమాదమూ ఉంది. జోప్లిన్ అనే ఉచిత యాప్ ఇక్కడ మరింత నిజాయితీగా ప్రవర్తిస్తుంది. తనకు తేలనప్పుడు రెండు నకళ్లనూ ఉంచి, ఒకదాన్ని 'కాన్‌ఫ్లిక్ట్స్' అనే నోట్‌బుక్‌లో పెట్టి, తేల్చుకోవడం మనకే వదిలేస్తుంది.

రెండు మార్పులనూ కలిపేసే దారి ఒకటి 1989లోనే దొరికింది. అమెరికాలో క్లారెన్స్ ఎలిస్, సైమన్ గిబ్స్ ఒక ఉపాయం చెప్పారు. మన సరుకుల జాబితాలో 'ఇరవయ్యో అక్షరం తర్వాత ఈ మాట చేర్చు' అని ఆవిడ ఫోన్ పంపిందనుకోండి. ఈలోపు ఆయన ముందున్న ఎనిమిది అక్షరాలు తీసేసి ఉంటే, ఆ ఆజ్ఞను అమలుచేసే ముందు ఇరవైని పన్నెండుగా దిద్దుకోవాలి. గూగుల్ డాక్స్ నడిచేది ఈ సూత్రం మీదే. ఇంకో దారికి 2011లో మార్క్ షపీరో, ఆయన సహచరులు గట్టి గణిత పునాది వేశారు. దాన్ని పొట్టిగా సీఆర్‌డీటీ అంటారు. ఇందులో స్థానాలను లెక్కపెట్టరు, ప్రతి అక్షరానికీ ఎన్నటికీ మారని సొంత గుర్తింపు ఇస్తారు. 'వీధిలో ఏడో ఇల్లు' అని చిరునామా చెబితే మధ్యలో రెండు ఇళ్లు లేచేసరికి అది తప్పిపోతుంది, 'ఫలానావారి ఇంటి పక్కన' అంటే తప్పదు. మార్పులు ఏ వరుసలో చేరినా అన్ని ఫోన్లలోనూ చివరికి ఒకే జాబితా తేలుతుంది.

అయితే ఆ 'ఫలానావారి ఇల్లే' చెరిగిపోతే? అందుకే ఇలాంటి పద్ధతుల్లో చెరిపిన అక్షరాన్ని వెంటనే పారేయరు. అది పోయిందని ఒక గుర్తు పెట్టి ఉంచుతారు. మొత్తం నోట్‌ను డిలీట్ చేసినప్పుడు కూడా సింక్ చేసే యాప్‌లకు ఇదే అవసరం పడుతుంది. రికార్డు జాడే లేకుండా పోతే, వారం రోజులుగా స్విచాఫ్‌లో ఉన్న ట్యాబ్ మేలుకోగానే తన దగ్గరున్న నకలును కొత్త నోట్ అనుకుని మళ్లీ అందరికీ పంపేస్తుంది. చెత్తబుట్ట మాత్రం మనుషుల కోసం. కీప్‌లో దాని గడువు ఏడు రోజులు, ఐఫోన్ నోట్స్‌లో దాదాపు 30 రోజులు. కీప్‌లో పంచుకున్న నోట్‌ను దాని యజమాని డిలీట్ చేస్తే మిగతావాళ్లకూ పోతుంది. పని అయిపోయిన నోట్‌ను ఆర్కైవ్ చేయడం ఎప్పుడూ క్షేమం. కళ్లముందు నుంచి పోతుంది, వెతికితే దొరుకుతుంది.

'దొరుకుతుంది' అన్న మాట తెలుగు నోట్‌లకు పూర్తిగా వర్తించదు. వెతుకులాటకు చాలా యాప్‌లు మాటల సూచిక తయారుచేసుకుంటాయి. ఏ మాట ఏయే నోట్‌లలో ఉందో అందులో రాసి ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాట పెద్దగా మారదు. తెలుగులో విభక్తి చేరితే మాట మొదలే మారిపోవచ్చు. 'ఇల్లు' అని వెతికితే 'ఇంటి పన్ను', 'ఇంట్లో' ఉన్న నోట్‌లు రావు. 'ఊరు' అంటే 'ఊళ్లో' రాదు. 'కరెంటు' అని ఒకసారి, 'కరెంట్' అని ఒకసారి రాసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇంగ్లిష్ లిపిలో టైపు చేసే తెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. మాట మూలరూపాన్ని గుర్తుపట్టే తెలుగు వ్యాకరణ ఉపకరణాలను విశ్వవిద్యాలయాల్లో తయారుచేసినవాళ్లున్నారు. రోజూ వాడే యాప్‌లలోకి అవి రావాలి.

అప్పటిదాకా పనికొచ్చే మార్గాలు రెండున్నాయి. వెతికేటప్పుడు మాటను మొదట్లోనే ఆపేయాలి. 'పుస్తక' అని ఆపితే పుస్తకం, పుస్తకాలు, పుస్తకానికి మూడూ దొరికే అవకాశముంది, ఎందుకంటే వాటిలో మొదటి సంకేతాలు ఒక్కటే. రెండోది లేబుల్. నోట్‌లో ఆ మాట ఎన్ని రూపాల్లో ఉన్నా 'ఇల్లు' అనే లేబుల్ తగిలిస్తే అది మారదు. ఇంగ్లిష్‌లో రాసుకునేవాళ్లకు లేబుళ్లు అదనపు సదుపాయం కావచ్చు గానీ తెలుగులో రాసుకునేవాళ్లకు అవి అత్యవసరం.

వెతికితే మనకు దొరికేది ఇతరుల కంటా పడొచ్చు, అందుకే ఏటీఎం పిన్, ఆధార్ నంబరు లాంటివి మామూలు నోట్‌లో రాయకపోవడమే మంచిది. ఐఫోన్ నోట్స్‌లో నోట్‌కు తాళం వేసే వీలుంది, స్టాండర్డ్ నోట్స్ అనే యాప్ ప్రతి నోట్‌నూ ఫోన్ దాటకముందే రహస్య సంకేతాల్లోకి మార్చేస్తుంది.

ఇన్ని జాగ్రత్తలతో దాచుకున్న నోట్‌లను అవసరమైతే యాప్ నుంచి బయటికి తీసుకోవడం గురించి చాలామంది ఆలోచించరు. 2023 డిసెంబరులో ఎవర్‌నోట్ ఉచితంగా వాడేవాళ్లకు 50 నోట్‌లు, ఒక్క నోట్‌బుక్ అని హద్దు పెట్టినప్పుడు ఏళ్లతరబడి అందులో రాసుకున్నవాళ్లు హడావిడి పడ్డారు. కీప్ వాడేవాళ్లకు గూగుల్ టేకౌట్ అనే సేవ ఉంది. అడిగితే నోట్‌లన్నిటినీ ఫైళ్లుగా ఇస్తుంది. ఒక్కో నోట్‌కూ బ్రౌజర్‌లో చదువుకోవడానికి ఒక ఫైలు, వేరే యాప్‌లు చదవడానికి జేసన్ రూపంలో ఇంకో ఫైలు వస్తాయి. ఆ జేసన్ ఫైలును తెరిస్తే రంగు, పిన్, ఆర్కైవ్, లేబుళ్లు వరుసగా కనిపిస్తాయి. నోట్ పుట్టిన క్షణం, చివరిసారి దిద్దిన క్షణం సెకనులో పదిలక్షవ వంతు వరకు నమోదై ఉంటాయి.