నడివయస్సూ – నడుము కొలతా

ప్రబంధాలు పాఠం చెప్పేటప్పుడు నాకొక చిక్కు వస్తూంటుంది. నాయిక నడుము దగ్గరికి వచ్చేసరికి మన కవులు ఒక పట్టాన కదలరు. అది వుందా, లేదా అని సందేహిస్తారు. చివరికి ఆకాశంలాంటిదని తేలుస్తారు. ఇరవై ఏళ్లుగా ఆ ఘట్టం నిస్సంకోచంగా చెబుతూ వచ్చినదాన్ని, పోయిన ఏడాది ఒకనాడు మధ్యలో ఆగిపోయాను. వెనక బల్లమీద ఇద్దరమ్మాయిలు నాకేసి చూసి, ఒకరినొకరు చూసుకుని, నవ్వు దాచుకున్నారు. నేను పమిట సవరించుకుని తరవాతి పద్యంలోకి వెళ్లిపోయాను.

నా వయస్సు నలభైయేడు. మూడేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను. జాకెట్లకు కుట్లు విప్పించడం అయింది. విప్పడానికి ఇంక లోపల గుడ్డ లేదు. పోనీ, మునుపటికంటె ఎక్కువ తింటున్నానా అంటే అదీ లేదు. రాత్రిపూట అన్నం మానేసి రెండేళ్లయింది. మావారి కంచంలో నాకంటె రెండు పుల్కాలు ఎక్కువే పడతాయి. ఆయన ప్యాంట్లు మాత్రం పదేళ్లనాటివే సరిపోతున్నాయి. ఇది చదివే సోదరీమణులలో చాలామందికి ఇది తమ ఇంటి కథలాగే తోచవచ్చు. అందుకే మొగమాటం విడిచి రాస్తున్నాను.

పోయిన దసరా సెలవులకు హైదరాబాదులో మా అన్నయ్యగారింటికి వెళ్లాను. తలుపు తీసిన వదినను చూసి గుర్తుపట్టలేకపోయాను. యాభై రెండేళ్ల మనిషి, నాలుగు నెలల్లో పది కిలోలు తగ్గింది. కాని మొహంలో కళ లేదు. జుట్టు పలచబడింది. మేడమెట్లు ఎక్కుతూ రెయిలింగు పట్టుకుని రెండుసార్లు ఆగింది. అందరికీ వడ్డించి, తాను రెండు చెంచాల పెరుగన్నం తిని లేచింది.

మర్నాడు పోపులోకి కరివేపాకు కోసం ఫ్రిజ్ తెరిచాను. కరివేపాకు డబ్బా వెనక, ఒక గుడ్డసంచిలో, ఫౌంటెన్ పెన్నులాంటిది ఒకటి చేతికి తగిలింది. వదిన చప్పున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీ అన్నయ్యతో అనకు" అంది.

"ఏమిటిది వదినా?"

"సన్నబడే సూది. వారానికొకటి. పక్క ఫ్లాటావిడ వేసుకుంటోంది. ఆవిడే తెప్పించి పెట్టింది. ఆవిడ మోతాదు పెంచినప్పుడల్లా నేనూ పెంచాను."

"డాక్టరుకు చూపించుకున్నావా?"

"ఏమని చూపించుకోను? నోరు కట్టుకోలేక సూది పొడిపించుకుంటోందని నవ్వరూ?"

ఆ ఒక్క మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఎందుకో తరవాత చెబుతాను.

రెండు రోజులు బతిమాలితే, హార్మోనుల వైద్యం చేసే ఒక డాక్టరమ్మగారి దగ్గరికి వచ్చింది. నేనూ పరీక్షలు చేయించుకుంటానని షరతు పెట్టింది. సరేనన్నాను. ఆ డాక్టరమ్మగారు ముందుగా చేసిన పని ఏమిటంటారా? టేపు తీసి మా ఇద్దరి నడుములూ కొలవడం! మన దేశపు స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలట. వదినది 84. నాది 92. మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్షలో నాకు 6.0 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా వుంటే చక్కెర జబ్బు గుమ్మంలో నిలబడ్డట్టు లెక్క.

"నలభై దాటితే జఠరాగ్ని మందగిస్తుందంటారు. అదేనాండీ కారణం?" అని అడిగాను.

"అందరూ అదే అనుకుంటారు" అన్నారావిడ నవ్వుతూ. 2021లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో, 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషులను, ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్ల వృద్ధుల వరకూ, పరీక్షించారట. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఇరవై నుంచి అరవై ఏళ్లదాకా శరీరం ఖర్చుపెట్టే శక్తి ఇంచుమించు ఒక్కలాగే వుందని తేలింది. తగ్గడం అరవై దాటాకే.

మరి ఈ నడుము ఎక్కడిది? మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకు బహిష్టులు ఆగిపోతాయి. దానికి కొన్నేళ్ల ముందునుంచే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒడుదుడుకులు పడి, క్రమంగా తగ్గిపోతుంది. అంతవరకూ తొడలకూ పిరుదులకూ చేరుతూవచ్చిన కొవ్వు, అప్పటినుంచి పొట్టలోకి దారి మళ్లించుకుంటుంది. కాలేయం, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడ చేరిన కొవ్వు ఇన్సులిన్ పని సాగనివ్వదు. ఆ సమయంలోనే కండ తరుగుతుంది. రాత్రిళ్లు ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి వీటికి తోడు. త్రాసుమీద అయిదు కిలోలే పెరిగినా, లోపల కండ పోయి కొవ్వు వచ్చి కూర్చుంటుంది. తిండిపోతుతనానికీ దీనికీ పెద్దగా చుట్టరికం లేదు.

ఇక ఆ సూది సంగతి. మనం భోజనం చేసినప్పుడు పేగుల్లోని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనును వదులుతాయి. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్ విడుదలకు అది తోడ్పడుతుంది. జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నిదానపరుస్తుంది. ఇక చాలునని మెదడుకు కబురు పంపుతుంది. కాని దాని ఆయుష్షు ఒకటి రెండు నిమిషాలే. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి వుంది. దాని విషంలో ఇంచుమించు ఇటువంటిదే, ఎక్కువసేపు నిలిచే పదార్థం వుందని జాన్ ఎంగ్ అనే వైద్యుడు 1992లో కనుగొన్నాడు. దాని ఆధారంగా తయారైన చక్కెర జబ్బు మందుకు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. బల్లిపాటు ఫలితాలు మన పంచాంగాల్లో పేజీలకొద్దీ వున్నాయి. ఈ ఫలం మాత్రం ఏ సిద్ధాంతిగారికీ తట్టలేదు!

ఆ దారినే వారమంతా నిలిచే సెమాగ్లుటైడ్, దాని తరవాత టిర్జెపటైడ్ వచ్చాయి. సన్నబడడానికని టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలోనూ, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో ఆ జూన్‌లోనూ మన దేశంలో అడుగుపెట్టాయి. ఇవి బూటకపు మందులు కావు. 1,961 మందిపై 68 వారాలు జరిగిన పరీక్షలో సెమాగ్లుటైడ్ వాడినవారు సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది వేయించుకున్నవారు రెండున్నర వంతులే తగ్గారు. ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో ముప్పాతికమంది స్త్రీలే.

"మరి మా వదిన ఇలా నీరసపడిందేమిటండీ?" అన్నాను.

తగ్గేదంతా కొవ్వే కాదట. తగ్గిన బరువులో పావువంతు నుంచి అయిదింట రెండు వంతుల దాకా కండ వగైరా వుండవచ్చు. అసలే కండ తరిగిపోయే వయస్సు, ఆపైన మాంసకృత్తులు లేని రెండు చెంచాల పెరుగన్నం! ఇంకొక సంగతి: మందు మానేసిన ఏడాదికి, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు ఆ పరీక్షే చెప్పింది. రక్తపుపోటు మాత్రలవలె ఇదీ దీర్ఘకాలపు మందే తప్ప, ఒక పండక్కి వేసుకుని మానేసేది కాదు. వికారం, వాంతులు, మలబద్ధకం సామాన్యం. పిత్తాశయంలో రాళ్లు, క్లోమగ్రంథి వాపు అరుదుగా రావచ్చు. ఒక రకం థైరాయిడ్ కాన్సరు ఇంట్లో ఎవరికైనా వచ్చివుంటే దీని జోలికే పోరాదు. బహిష్టులు తప్పుతున్నాయి కదా అని గర్భం మాట మరవరాదు. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచినప్పుడూ గర్భనిరోధక మాత్రల బలం తగ్గవచ్చు. ఇవన్నీ పక్క ఫ్లాటావిడ చెప్పగలదా?

సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే. మందు చౌకబడ్డకొద్దీ పక్క ఫ్లాట్ల వైద్యమూ పెరుగుతుంది. అదే నా భయం.

ఇప్పుడు ముల్లు సంగతి చెబుతాను. మా అమ్మ స్థూలకాయురాలు. ఆవిడ నడిచివస్తే గచ్చు అదురుతోందని మా నాన్నగారు హాస్యమాడేవారు. పిల్లలం మేమూ పగలబడి నవ్వేవాళ్లం. ఆవిడ అందరి తరవాత, మిగిలింది తినేది. శనివారాలు ఒంటిపూట. అయినా డాక్టరు దగ్గరికి వెళితే, "తిండి తగ్గించండమ్మా" అన్న మాటతో పంపేసేవారు. రెండోసారి ఆ మాట విన్నాక ఆవిడ వెళ్లడం మానేసింది. చక్కెర జబ్బు వుందని తెలిసేసరికి కాలు పుండుపడింది. అరవై ఒకటో ఏట పోయింది. సిగ్గుపడి దాక్కున్న జబ్బు అలా ముదిరింది. ఆ నవ్వుల్లో నా నవ్వూ వుంది.

ఆ రాత్రి వదిన అన్నయ్యకు చెప్పింది. వాడు కాసేపు మాట్లాడలేదు. "ముందే చెబితే డాక్టరు దగ్గరికి నేనూ వచ్చేవాణ్ణి కదా" అన్నాడు చివరికి. డాక్టరమ్మగారు మందు మాన్పించలేదు. మోతాదు తగ్గించి, దారిలో పెట్టారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం, కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 65 కిలోల మనిషికి రోజుకు సుమారు 54 గ్రాములు. పలచని చారుతో అది తీరదు. ఇప్పుడు వదిన పెసరట్టు, గుడ్డు, గట్టిపెరుగు తిన్నాకే మిగతావి ముట్టుకుంటోంది. వారానికి మూడు రోజులు చేతుల్లో చిన్న బరువులు పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చుంటోంది. మెట్లు ఆగకుండా ఎక్కుతోంది.

నాకూ ఆ సూది వేయవచ్చునన్నారు. తొందర లేదనీ అన్నారు. ఆరు నెలలు గడువడిగాను. అన్నం తగ్గించి, పప్పూ శనగలూ పెంచాను. వారానికి రెండు రోజులు బరువులెత్తుతున్నాను. మావారు పక్కన నిలబడి లెక్కపెడతారు. తగ్గింది మూడు కిలోలే. నడుము 92 నుంచి 87కు వచ్చింది. చక్కెర 5.8. గుమ్మంలోనే వుంది, లోపలికి రాలేదు.

వచ్చే నెలలో మళ్లీ డాక్టరమ్మగారిని చూడాలి. అవసరమంటే సూది వేయించుకుంటాను. దాన్ని కరివేపాకు డబ్బా వెనక మాత్రం దాచను. ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన, అందరికీ కనబడేలాగే పెడతాను.