ఏ వయస్సున కే బోధనము?

రెండవ తరగతి బాలుని తండ్రియు, పదవ తరగతి బాలిక తల్లియు మమ్మడుగు ప్రశ్న యొక్కటియే: "మార్కులెన్ని వచ్చినవండీ?" ఈ ప్రశ్న తగనిదని మేమనము. కాని ఆ రెండు తరగతులలో బోధనోద్దేశములు వేఱు గనుక నొక్క కొలబద్దతో రెంటిని కొలువరాదని విన్నవించుచున్నాము.

2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము పాఠశాల విద్యను 5, 3, 3, 4 ఏండ్ల చొప్పున నాలుగు దశలుగా విభజించినది. మొదటి దశ మూడవ యేట మొదలై యెనిమిదవ యేట ముగియును. మూడవ తరగతి ముగియునాటికి శిశువు అర్థమెఱిగి చదువవలెను, చిన్న లెక్కలు చేయగలుగవలెను. 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమము ఈ పనికే యేర్పడినది.

వైశాల్యమను నొక్క విషయమునే చూడుడు. చిన్న తరగతిలో బాలుడు రెండు పుస్తకముల యట్టలపై అగ్గిపెట్టెలు పేర్చి, లెక్కించి, ఏది పెద్దదో చెప్పును. అంతియే చాలును, సూత్రముతో బని లేదు. ఆఱేడు తరగతులలో దీర్ఘచతురస్రపు కాగితమును మూల నుండి మూలకు కత్తిరించి, ఒక ముక్కను త్రిప్పి రెండవదానిపై నుంచును. సరిగా నతుకును. త్రిభుజము దానిలో సగమని యప్పుడు తానే యనును. తొమ్మిదవ తరగతిలో కంటితో జూచినది చాలదు. "ఏ త్రిభుజమునకైన నిట్లే యగునా?" యని యడిగి, ఉపపత్తి చెప్పింపవలెను. కళాశాలలోనైనచో గట్టు వంకరలు తిరిగిన చెరువునకు వైశాల్యము కట్టుటకై కలనగణితము కావలసి వచ్చును.

ఈ మెట్లలో నొకదానిని దాటించి, మూడవ తరగతిలోనే సూత్రమును వల్లింపజేసినచో ఇంట మెప్పు గలుగును. కాని పటమును కొంచెము ప్రక్కకు త్రిప్పి గీసినంతనే యా బాలుడు భూమి యేదో యెత్తేదో యెఱుగక నిలిచిపోవును. తొమ్మిదవ తరగతిలో నిట్టివారిని మేము తఱచుగా జూచుచున్నాము. గణితము తన వంశమున లేదని వారే నమ్ముచుందురు, అది మిక్కిలి బాధాకరము.

ఇట్లన్నందున వల్లె వేయుటను నిరసించుచున్నామని తలంపవలదు. ఎక్కములు నోటికి రానిదే పెద్ద లెక్క సాగదు. పూర్వము వీథిబడి పంతుళ్లు ఇసుకలో నక్షరమును దిద్దించుచు బిగ్గరగా పలికించెడివారు. చేయియు నోరును చెవియు నొక్కమాఱే నేర్చుకొనెడివి. చిన్న వయస్సునకు తగిన పద్ధతి యది.

కావున తల్లిదండ్రులు చిన్నవానిచే కథ యొకటి చదివించి, "తరువాత నేమి జరిగినది?" అని యడుగుదురు గాక. పదవ తరగతి బాలికను, "అది నిజమని నీకెట్లు తెలిసినది?" అని యడుగుదురు గాక. ఆమె వెంటనే బదులు చెప్పకున్నను తొందరపెట్టవలదు.