కోయకుండానే కడుపు చూడటం

పదేళ్ల పిల్లాడికి బొడ్డు కింద కుడివైపు నొప్పి, ఒళ్లు కాలే జ్వరం, పైగా వాంతులు అంటే డాక్టర్లకి ముందుగా తట్టేది అపెండిసైటిసే, అమ్మడూ. దానికి తాత్సారం పనికిరాదు. 2020లో కొన్ని దేశాల్లో ఇలా వచ్చిన కొందరు పిల్లలకి ఆపరేషన్ చేసి చూస్తే అపెండిక్స్ నిక్షేపంగా ఉంది. మరి అంత నొప్పి ఎక్కణ్ణించి వచ్చినట్టు?

ఇలాంటి పిల్లల గురించే ఆ ఏప్రిల్ చివర్లో బ్రిటన్ డాక్టర్లకి ఓ హెచ్చరిక వెళ్లింది. మే నెలలో లండన్ వైద్యులు ఎనిమిది మంది పిల్లల సంగతి లాన్సెట్ పత్రికలో రాశారు. అమెరికా వాళ్లు ఆ జబ్బుకి ఎంఐఎస్-సి అని పేరు పెట్టారు. కోవిడ్ సోకిన రెండు నుంచి ఆరు వారాలకి, అంటే అందరూ దాన్ని మర్చిపోయాక, పిల్లల రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత ఒంటినే వాచేలా చేస్తుంది. 2021లో రెండో వేవ్ సద్దుమణిగాక మన తెలుగు రాష్ట్రాల పిల్లల వార్డులూ దీన్ని చూశాయి.

ఇక్కడ ఆదుకున్నది మనందరికీ తెలిసిన కడుపు స్కానింగే. పాత బావిలోకి కేక వేస్తే అది అడుగున తగిలి తిరిగొస్తుంది చూడు, ఇదీ అంతే. మన చెవికి సెకనుకి ఇరవై వేల కంపనాల దాకా వినపడితే, ఈ యంత్రం పంపే ధ్వనిలో ఇరవై లక్షల నుంచి కోటికి పైగా ఉంటాయి. కండలో అది సెకనుకి దాదాపు 1,540 మీటర్లు పోతుంది. ఏడున్నర సెంటీమీటర్ల లోతుకి వెళ్లి తిరిగి రావడానికి పట్టేది సెకనులో పదివేలవ వంతు. ఆ వ్యవధిని కొలిచి యంత్రం బొమ్మ గీస్తుంది. సీటీ స్కాన్‌లో ఉండే ఎక్స్‌రేల బెడద ఇందులో లేదు. పైగా పిల్లల పొట్టలో కొవ్వు తక్కువ, అందుకని ఎక్కువ కంపనాల ధ్వని వాడి సన్నని వివరాలు కూడా రాబట్టవచ్చు.

చిక్కల్లా పేగుల్లోని గాలితోనే. అది ధ్వనిని ముందుకి పోనివ్వదు. 1986లో పుయ్‌లేర్ట్ అనే డచ్చి వైద్యుడు దీనికి ఉపాయం చెప్పాడు. స్కానింగ్ యంత్రపు ప్రోబ్‌తో పొట్టమీద మెల్లమెల్లగా నొక్కుతూ పోతే గాలి పక్కకి జరుగుతుంది, మామూలు పేగు అణుగుతుంది, వాచిన అపెండిక్స్ మాత్రం అణగదు. దాని మందం ఆరు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. నొప్పితో ఏడుస్తున్న బిడ్డ మీద ఆ నొక్కు ఎంత ఉండాలో యంత్రం చెప్పదు, డాక్టరు చేతికే తెలియాలి. నాకు ఆ చేతి పనితనమంటే ఎంతో గౌరవం.

ఎంఐఎస్-సి పిల్లల కడుపులో డాక్టర్లకి ఏం కనిపించిందంటావా? చిన్నపేగు చివరి భాగం గోడ దళసరెక్కి ఉంది. పేగుల్ని పట్టి ఉంచే పొరలో బిళ్లలు కట్టాయి. అక్కడక్కడ నీరు చేరింది. కొందరికి పిత్తాశయం గోడ కూడా ఉబ్బింది, కాలేయం పెరిగింది. అంటే వాపు ఏ ఒక్క అవయవానికీ పరిమితం కాలేదు.

అయితే బొమ్మ ఒక్కటే చాలదు. టైఫాయిడ్‌లోనూ ఇలాంటి బిళ్లలు, ఇలాంటి పేగు కనిపించవచ్చు. కళ్లు ఎర్రబడ్డాయా, ఒంటిమీద దద్దుర్లున్నాయా, నెల కిందట ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడగాలి, రక్త పరీక్షలు చూడాలి. ఎంఐఎస్-సితో పాటు నిజంగానే అపెండిక్స్ వాచిన పిల్లలూ ఉన్నారు కాబట్టి సర్జన్ని పక్కనే ఉంచుకోవాలి.

కడుపు బొమ్మలో ఇవి కనపడ్డాయంటే వెంటనే గుండెకి ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయాలి. అసలు ప్రమాదం అక్కడే. 1967లో జపాన్‌లో కవాసాకి వర్ణించిన జబ్బులో లాగే ఇందులోనూ గుండె రక్తనాళాలు ఉబ్బవచ్చు, గుండె కండరం నీరసించవచ్చు. మందు స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్. ఈ రెండోది వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసినది. బిడ్డ బరువులో కిలోకి రెండు గ్రాముల చొప్పున గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తారు. చాలామందికి కొన్ని రోజుల్లో జ్వరం దిగి, కడుపునొప్పి తగ్గింది. గుండెని మాత్రం ఇంటికెళ్లాక కూడా మళ్లీమళ్లీ చూడాలి, డాక్టరు సరేననేదాకా పరుగుపందేలు వద్దు.