వీధి చివరి డాక్టరుగారు

సాయంత్రం ఆరు దాటితే తెలుగు ఊళ్లలో ఏ సెంటరులో చూసినా మందుల షాపును ఆనుకుని రెండు గదుల క్లినిక్కు ఒకటి కిటకిటలాడుతూ ఉంటుంది. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, టోకెన్లు రాసే కుర్రాడు. తల్లి ఒళ్లో జ్వరంతో సోలిపోయిన పిల్లాడు, షుగరు రిపోర్టు కవరు పట్టుకున్న పెద్దాయన, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పడానికి వచ్చిన గృహిణి. వీళ్లందరినీ చూసేది లోపలి గదిలో ఉన్న ఒకే ఒక్క డాక్టరు. బోర్డు మీద ‘జనరల్ ఫిజీషియన్’ అనో ‘ఫ్యామిలీ ఫిజీషియన్’ అనో ఉంటుంది.

గుండెకొకరు, కిడ్నీకొకరు, కీళ్లకొకరు అంటూ స్పెషలిస్టులను నేరుగా వెతుక్కుని వెళ్లే రోజులివి. జలుబు, జ్వరాలకు తప్ప ఈ చిన్న క్లినిక్కు దేనికి పనికొస్తుందన్న చిన్నచూపు చాలామందిలో ఉంది. కానీ ఏళ్ల తరబడి మనల్ని ఎరిగిన ఒక డాక్టరు ఉండటమే ఆరోగ్యానికి పెద్ద రక్షణ అని పరిశోధనలు చెబుతున్నాయి.

నార్వేలో 2001 నుంచి ప్రతి పౌరుడికీ ఒక సొంత డాక్టరు ఉండే పద్ధతి అమల్లో ఉంది. అక్కడ సుమారు 45 లక్షల మంది రికార్డులను పరిశోధకులు జల్లెడ పట్టారు. ఒకే డాక్టరు దగ్గర ఏడాదిగా ఉన్నవాళ్లతో పోలిస్తే, 15 ఏళ్లకు పైగా కొనసాగినవాళ్లకు మరణించే అవకాశం దాదాపు 25 శాతం, ఆసుపత్రిలో అత్యవసరంగా చేరాల్సి వచ్చే అవకాశం 28 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. తేడా మొత్తం డాక్టరు వల్లే వచ్చిందని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు. అయినా పరిచయం ఎంత పాతదైతే ముప్పు అంత తగ్గుతూ రావడాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గిన మనిషి కొత్త డాక్టరు కంటికి సన్నని మనిషిగానే కనిపిస్తాడు, పాత డాక్టరు మాత్రం చూడగానే కంగారు పడతాడు. తండ్రికి నలభై ఐదో ఏట గుండెపోటు వచ్చిందన్న సంగతి గుర్తున్న డాక్టరు, కొడుకు ‘గ్యాసండీ’ అంటూ ఛాతీ రుద్దుకుంటుంటే గ్యాస్ మాత్ర రాసి పంపేయడు, ముందు ఈసీజీ తీయిస్తాడు. అదే వీధి నుంచి వారంలో నాలుగో జ్వరం కేసు వచ్చిందంటే అక్కడ దోమల సంగతో, తాగునీటి పైపు సంగతో చూడాలని ముందుగా పసిగట్టేదీ ఆయనే.

బీపీ, షుగర్ల విషయంలో ఈ క్లినిక్కు విలువ మరింత తెలుస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. రెండూ చాలాకాలం నొప్పి లేకుండా, చప్పుడు చేయకుండా ఒంట్లో ఉండిపోతాయి. వేరే పని మీద వచ్చిన మనిషికి కూడా బీపీ చూసే అలవాటున్న డాక్టరుకే అవి దొరుకుతాయి. వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల పల్లెలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు ఆ పనే చేశారు. దేనికి వచ్చినా సరే, ఊళ్లోని పెద్దలందరికీ బీపీ కొలిచి, ఏళ్ల తరబడి పట్టు వదలకుండా వెంటపడి మందులు వాడించారు. పాతికేళ్ల తర్వాత లెక్క చూస్తే ఆ ఊళ్లో అకాల మరణాలు పొరుగూరి కంటే 28 శాతం తక్కువ. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువగా అందుతోందని 1971లో ‘లాన్సెట్’ పత్రికలో రాసి ప్రపంచాన్ని ఆలోచింపజేసిందీ ఆయనే.

బీపీ చూడటంలోనూ మంచి క్లినిక్కు పనితనం తెలిసిపోతుంది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషిని ముందు ఐదు నిమిషాలు కూర్చోబెడతారు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలమీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, బట్ట అడ్డు లేకుండా పట్టీ కడతారు. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూస్తారు. బాగా ఎక్కువగా ఉంటే తప్ప ఒక్కసారి 140/90 దాటిందని జీవితాంతం మందు రాసేయరు, మరో రోజు రమ్మంటారు. షుగరు ఉన్నవాళ్ల చేత చెప్పులు విప్పించి అరికాళ్లు కూడా చూస్తారు. సన్నని నైలాన్ తీగను అరికాలికి ఆనించి ‘తెలుస్తోందా?’ అని అడుగుతారు. తెలియకపోతే నరాలు దెబ్బతిన్నట్టు లెక్క. ఆ కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు, పుండు ముదిరాక వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

ఇక వానాకాలం జ్వరాలు. రెండో రోజుకే ‘టైఫాయిడ్ టెస్టు చేయించండి’ అని ఒత్తిడి మొదలవుతుంది. 1896 నాటి విడాల్ పరీక్ష మన ల్యాబుల్లో ఇప్పటికీ విరివిగా జరుగుతోంది. జబ్బు మొదటి వారంలో అది నెగెటివ్ రావచ్చు, ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరానికీ పాజిటివ్ చూపించవచ్చు. గట్టిగా తేల్చేది యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీసే బ్లడ్ కల్చర్. డెంగీలో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల అంకె మీదే ఉంటాయి. అనుభవమున్న ఫిజీషియన్ మాత్రం జ్వరం తగ్గే రోజును ఎక్కువ జాగ్రత్తగా గమనిస్తాడు. మూడు నుంచి ఏడు రోజుల మధ్య జ్వరం దిగుతుండగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే అదీ అసలు ప్రమాదం. రక్తస్రావం లేనప్పుడు సాధారణంగా 10,000 కంటే దిగువకు పడితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పనిలేదు. పారాసెటమాల్, తగినన్ని ద్రవాలు, రోజూ పరీక్ష సరిపోయే రోగులే ఎక్కువ. ఒళ్లునొప్పులకు షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి డెంగీలో హాని చేస్తాయి.

‘నీరసంగా ఉందండీ, ఒక సెలైన్ పెట్టించండి’ అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అర లీటరు ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. దాని శక్తి దాదాపు రెండు ఇడ్లీలంత. నోటితో తాగగలిగిన మనిషికి ఆ సీసా అక్కర్లేదని ఓపిగ్గా చెప్పి పంపే డాక్టరుకు ‘హస్తవాసి’ లేదని పేరు రావచ్చు. అడిగినవన్నీ రాసిచ్చేవాడి కంటే రోగి మేలు కోరేది ఆయనే. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికే ఆర్ఎంపీని పల్లెలు నమ్ముకున్నాయంటే అర్థముంది, డాక్టరు అందుబాటులో లేనిచోట మనిషి ఎవరో ఒకరిని పట్టుకోక తప్పదు. కానీ ఏ జ్వరమో తేలకుండా పొడిచే స్టెరాయిడ్ ఇంజెక్షను లక్షణాలను కప్పేసి, అసలు జబ్బు ముదిరేదాకా దాచిపెడుతుంది.

వయసు మళ్లినవాళ్ల విషయంలో ఈ డాక్టరు చేసే ఇంకో మేలు మందుల సంచీని బల్ల మీద గుమ్మరించి చూడటం. గుండె డాక్టరు రాసిన బీపీ మాత్ర, కిడ్నీ డాక్టరు రాసిన బీపీ మాత్ర వేర్వేరు కంపెనీ పేర్లతో ఒకే మందు కావచ్చు. గ్యాస్ మాత్రలు రెండు పేర్లతో రెండు పూటలా పడుతుండవచ్చు. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గి కాళ్లు తిమ్మిరెక్కవచ్చు, దాన్ని షుగరు వల్లేననుకుని వదిలేస్తారు. స్పెషలిస్టు ఒక్కొక్కరు ఒక్కో అవయవాన్ని చూస్తారు. చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకరు ఉండి తీరాలి.

బోర్డు మీది డిగ్రీలు చదవడం తెలిస్తే ఎంచుకోవడం తేలిక. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపైన మూడేళ్లు చదివిన ఎండీ జనరల్ మెడిసిన్ వాళ్లు ప్రధానంగా పెద్దవాళ్ల జబ్బులు చూస్తారు. ఫ్యామిలీ మెడిసిన్ చదివినవాళ్లు పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా, గర్భిణులతో సహా, ఇంటిల్లిపాదికీ ప్రాథమిక వైద్యం చేయడంలో శిక్షణ పొందుతారు. ఆ కోర్సును విస్తరించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా చెప్పింది. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలన్నది నిబంధన. అది అడిగి చూడటంలో మొహమాటం అక్కర్లేదు.

ఈ తరహా వైద్యానికి తెలుగు నేల మీద మంచి సంప్రదాయమే ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో నడిపిన ప్రజావైద్యశాల తక్కువ ఖర్చుతో పేదలకు వైద్యం చేయడమే కాక, పల్లెల్లో పనిచేసేవాళ్లకు శిక్షణనిచ్చింది. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు డాక్టరును పేదల వాడకే తీసుకెళ్లాయి. అక్కడ తీసిన రక్తనమూనాలు ప్రభుత్వ ల్యాబుకు వెళ్తాయి, పరీక్షకు పైసా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంలో పల్లెలకే వెళ్లి రోగులను చూసే ఏర్పాటు చేశారు. ఇలాంటి పథకాలు ఫలించాలంటే వెళ్లిన ప్రతిసారీ అదే డాక్టరు కనిపించాలి. బదిలీలు, ఖాళీ పోస్టులు తెంచేసేది సరిగ్గా ఆ పరిచయాన్నే.

రోగి వైపు నుంచీ కొంత పని ఉంది. పాత చీటీలు, రిపోర్టులు తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టుకోవాలి. వాడుతున్న మాత్రల అట్టలు, ఆయుర్వేదం, హోమియో మందులతో సహా, వెంట తీసుకెళ్లాలి. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడమన్నారో అన్ని రోజులూ వాడాలి, మిగిలినది ఇంట్లో మరొకరికి ఇవ్వకూడదు.

క్లినిక్కులో టోకెను తీసుకుని కూర్చోకూడని సందర్భాలూ ఉన్నాయి. ఛాతీలో బరువు, చెమటలు పట్టి ఎడమ చేతికి పాకే నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం, ఊపిరి అందకపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షనుకు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. హడావుడిలో కూడా ఇంట్లోవాళ్లు ఆ ఫైలును మర్చిపోకూడదు. అందులో వీధి డాక్టరుగారు ఎప్పుడో తీయించిన పాత ఈసీజీ ఉంటే, దాన్ని కొత్త దాని పక్కన పెట్టి మార్పు ఇప్పుడే వచ్చిందా, ఎప్పటి నుంచో ఉన్నదా అన్నది ఎమర్జెన్సీ డాక్టరు తొందరగా తేల్చగలుగుతారు.