గీత చెప్పే గుట్టు
కారు కంప్యూటర్ ఇచ్చే కోడ్ వీధి పేరు చెప్పి ఊరుకుంటుంది. ఇల్లు పట్టుకోవాలంటే ఆసిల్లోస్కోప్ కావాలి

ఆటోనగర్‌లలో తరచూ వినిపించే కథే. ఇంజన్ వేడెక్కాక కారు నడిరోడ్డు మీద టక్కున ఆగిపోతుంది. అరగంట నీడన నిలబెట్టి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. వర్క్‌షాపులో స్కానర్ తగిలిస్తే పీ0335 అనే కోడ్ కనిపిస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపమని దాని అర్థం. మెకానిక్ సెన్సర్ మారుస్తాడు, యజమాని బిల్లు కడతాడు. వారం తిరక్కుండానే కారు మళ్లీ మొరాయిస్తుంది. ఈసారి అనుమానం ఈసీయూ అని పిలిచే ఇంజన్ కంప్యూటర్ మీదికి మళ్లుతుంది. దాని ధర వింటేనే యజమానికి చెమటలు పడతాయి. తీరా చూస్తే తప్పంతా ఎగ్జాస్ట్ గొట్టానికి ఆనుకుని పైతొడుగు కరిగిపోయిన ఓ వైరుది.

ఇందులో కోడ్ అబద్ధమాడలేదు. అది సర్క్యూట్ అంటే మెకానిక్ సెన్సర్ అని చదువుకున్నాడు. సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు వైర్లు, కప్లర్లు, ఎర్త్, అటు చివర ఈసీయూ అన్నీ ఉంటాయి. దోషి ఎవరో తేల్చాలంటే వైరులో ఏం పారుతోందో కళ్లతో చూడాలి. ఆసిల్లోస్కోప్ చూపించేది అదే.

నిజానికి ఇదేమీ కొత్త యంత్రం కాదు. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లోనే కాథోడ్ కిరణాల గొట్టంతో దీనికి పునాది వేశారు. ఒకప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఆకుపచ్చ గీతతో మిణుకుమనే బరువైన పెట్టె అది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు తగిలించుకునే చిన్న డబ్బా అయింది. క్షణక్షణం మారే వోల్టేజ్‌ను తెర మీద గీతగా చూపడమే దాని పని.

ఆ మాత్రానికి మల్టీమీటర్ చాలదా? చాలదు. చాలా కార్లలో క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే చక్రానికి 60 పళ్లకు చోటుంటుంది, కానీ ఉండేవి 58. ఆ రెండు పళ్ల ఖాళీని బట్టే పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ లెక్కగడుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెన్సర్ నుంచి సెకనుకు 2,900 పల్స్‌లు వస్తాయి. వాటిలో రెండు మూడు తప్పిపోయినా సగటు చూపే మల్టీమీటర్‌లో అంకె కదలదు. స్కోప్ తెర మీద మాత్రం పలువరుసలో ఊడిన పన్నులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సెన్సర్ దగ్గర గీత సరిగా ఉండి, ఈసీయూ దగ్గర తెగుతుంటే తప్పు మధ్యలోని వైరుదో, కప్లర్‌దో. వైరును చేత్తో కదుపుతూ, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ తెర చూస్తే ఎక్కడ తెగుతోందో కూడా దొరుకుతుంది. నడిరోడ్డు మీద ఆగే కారుకు షెడ్డులోనే జబ్బు తెప్పించడమన్నమాట!

ఇంజెక్టర్ గీత మరో కథ చెబుతుంది. మామూలు పెట్రోలు ఇంజన్‌లో 14 వోల్టుల దగ్గర నడిచే గీత, ఈసీయూ ఇంజెక్టర్‌ను ఎర్త్‌కు కలపగానే దాదాపు సున్నాకు పడిపోతుంది. వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు రెండు మూడు మిల్లీసెకన్లు అక్కడే ఉండి, వదలగానే 60 వోల్టుల పైకి ఎగురుతుంది. దిగివచ్చే వాలులో ఓ చిన్న మెలిక. లోపలి సూది మూసుకున్న గుర్తు అది. మూడు ఇంజెక్టర్లలో ఉన్న మెలిక నాలుగోదాంట్లో లేకపోతే సూది ఇరుక్కుందేమో చూడాలి.

అన్నిటికంటే ముచ్చటైన పరీక్షకు మాత్రం సెన్సర్లతో పనే లేదు. ఇంధనం ఆపేసి, బ్యాటరీ కేబుల్‌కు కరెంటును కొలిచే క్లాంప్ తగిలించి సెల్ఫ్ కొడతారు. ఒక్కో పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు స్టార్టర్ మోటారు మీద బరువు పడి కరెంటు పెరుగుతుంది. నాలుగు సిలిండర్లకు వరుసగా నాలుగు గుట్టలు. వాటిలో ఒకటి పొట్టిగా ఉంటే ఆ సిలిండర్‌లో వాల్వో, రింగో గాలిని వదిలేస్తోందని అనుమానించాలి. రెండో చానల్‌ను ఒకటో సిలిండర్ ఇగ్నిషన్‌కు కలిపితే అది ఎన్నోదో తెలుస్తుంది. ఒక్క బోల్టు విప్పకుండా, నిమిషాల్లో!

సుప్రీంకోర్టు 1999లో ఢిల్లీ ప్రాంతంలో యూరో ప్రమాణాలకు గడువు విధించాక కార్బొరేటర్ శకం వేగంగా ముగిసింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఇంజన్ చప్పుడు విని, పొగ వాసన చూసి రోగం చెప్పే మెకానిక్ పనితనం ఈ ఇరవయ్యేళ్లలోనే కోడ్ చదివి పార్టు మార్చడంగా కుంచించుకుపోయింది. స్కోప్ ఆ పాత విద్యకు తిరిగి పని కల్పిస్తుంది. చెవితో పట్టిన తేడానే ఇప్పుడు కంటితో పట్టాలి, అంతే.

చిక్కులు లేకపోలేదు. చవక స్కోప్‌లు కొన్ని వేలకే దొరికినా పేరున్న కంపెనీల కిట్ల ధర లక్ష దాటుతుంది. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ వైపే వందల వోల్టులు ఎగసిపడతాయి కాబట్టి వోల్టేజ్‌ను తగ్గించే అటెన్యుయేటర్ లేకుండా తగిలిస్తే స్కోప్ కాలిపోవచ్చు. పిన్ను గుచ్చడానికి వైరు తొడుగు చీలిస్తే అక్కడ తేమ చేరి కొత్త రోగం మొదలవుతుంది. కప్లర్ వెనక నుంచి సన్నటి ప్రోబ్ దూర్చడమే పద్ధతి. పైగా ఏ గీత ఆరోగ్యమో, ఏది అనారోగ్యమో పోల్చుకోవడానికి నమూనాలు కావాలి. సర్వీసింగ్‌కు వచ్చిన మంచి కార్ల గీతలను మోడల్ వారీగా దాచుకుంటూ పోతే, అదే మోడల్ రేపు మొరాయిస్తూ వచ్చినప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.